జనగణమన పుట్టుక: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా ఆగస్టు 15 దగ్గర పడగానే వాట్సాప్ గ్రూపుల్లో రెండు మెసేజ్‌లు తిరగడం మొదలవుతుంది. జనగణమనని యునెస్కో ప్రపంచంలోకెల్లా ఉత్తమ జాతీయ గీతంగా ప్రకటించిందని ఒకటి. అసలా పాట బ్రిటిష్ రాజుని పొగుడుతూ రాసిందని ఇంకొకటి. ఒకే మనిషి గంట తేడాలో రెండూ ఫార్వర్డ్ చేయడం కూడా చూశాను. ఈ పాట గురించి నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్నలు, వాటికి నాకు తెలిసిన జవాబులు ఇక్కడ పెడుతున్నాను.

ఈ పాట ఎవరు రాశారు? ఎప్పుడు?

రవీంద్రనాథ్ ఠాగూర్, 1911లో. ఆ ఏడాది డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెస్ మహాసభ రెండో రోజున దీన్ని మొదటిసారి జనం ముందు పాడారు. 1912 జనవరిలో ‘తత్త్వబోధిని పత్రిక’లో అచ్చయింది. దానికి అప్పుడు సంపాదకుడు ఠాగూరే. అక్కడ పాట పేరు ‘భారత భాగ్య విధాత’. కింద ‘బ్రహ్మసంగీతం’ అని వేశారు, అంటే బ్రహ్మసమాజం ప్రార్థనల్లో పాడుకునే పాట అని. ఆ నెలలోనే బ్రహ్మసమాజం వాళ్ల మాఘోత్సవంలో పాడారు కూడా.

ఈ చివరి సంగతిని చాలామంది పట్టించుకోరు. మొదట్లో ఇది ప్రార్థన. జాతీయ గీతం కావడం ఆ తర్వాతి కథ.

మనం పాడేదే మొత్తం పాటా?

కాదు. పాటకి ఐదు చరణాలున్నాయి. మనం పాడేది మొదటిది ఒక్కటే. పాట మీద నడిచే గొడవల్లో సగం మిగతా నాలుగు చరణాలు ఎవరూ చదవకపోవడం వల్లే నడుస్తున్నాయని నా అభిప్రాయం. అందుకని వాటిలో ఏముందో కొంచెం వివరంగా చెప్తాను.

మొదటి చరణం భూగోళం. ప్రాంతాలు, కొండలు, నదులు, సముద్రం. రెండో చరణం మనుషులు: ‘హిందు బౌద్ధ శిఖ జైన పారసిక ముసల్మాన క్రిస్తానీ’ అని వరసగా వస్తారు. తూర్పూ పడమరా నీ సింహాసనం దగ్గరికి చేరితే అక్కడ ప్రేమహారం అల్లుకుంటుంది అంటాడు కవి. మూడో చరణంలో దారి. పడుతూ లేస్తూ సాగే ఎగుడుదిగుడు బాట, దాని మీద యుగయుగాలుగా నడుస్తున్న యాత్రికులు. ‘హే చిర సారథి, తవ రథచక్రే ముఖరిత పథ దిన రాత్రి’. ఓ శాశ్వత సారథీ, నీ రథచక్రాల చప్పుడుతో ఈ దారి రాత్రింబవళ్లు మారుమోగుతోంది అని. ఆ వెంటనే శంఖధ్వని కూడా వినిపిస్తుంది. రథం, సారథి, శంఖం అనగానే మనకి ఎవరు గుర్తొస్తారో వేరే చెప్పక్కర్లేదు.

నాలుగో చరణం చీకటి. దేశం పీడనతో మూర్ఛపోయి ఉన్న అర్ధరాత్రి. ఆ పీడకలల్లో, భయంలో ఒళ్లోకి తీసుకుని కాపాడావు, ‘స్నేహమయీ తుమి మాతా’ అంటాడు. ఐదో చరణంలో తెల్లవారుతుంది, తూర్పు కొండ నుదుటి మీద సూర్యుడు కనిపిస్తాడు.

పల్లవి కూడా చరణం చరణానికీ మారుతుంది. మొదట ‘జనగణ మంగళదాయక’, తర్వాత ‘ఐక్యవిధాయక’, ఆ తర్వాత ‘పథపరిచాయక’ అంటే దారి చూపేవాడు, నాలుగోసారి ‘దుఃఖత్రాయక’. ఈ నాలుగు మాటలూ తెలుగువాడికి నిఘంటువు లేకుండానే అర్థమవుతాయి.

ఐదో జార్జి చక్రవర్తిని పొగుడుతూ రాశారంటారు. నిజమా?

నిజం కాదు. కానీ ఈ పుకారు గాల్లోంచి పుట్టలేదు. ఎలా పుట్టిందో తెలిస్తేనే ఎందుకు తప్పో తెలుస్తుంది.

1911 డిసెంబరు 12న ఢిల్లీలో దర్బారు జరిగింది. ఐదో జార్జి స్వయంగా వచ్చి రెండు ప్రకటనలు చేశాడు. రాజధాని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుతుందన్నది ఒకటి. 1905 నుంచి బెంగాల్‌ని రగిలించిన బెంగాల్ విభజన రద్దన్నది రెండోది. పదిహేను రోజుల తర్వాత కలకత్తాలో కాంగ్రెస్ సభ. అప్పటికి కాంగ్రెస్ మితవాదుల చేతుల్లో ఉంది. విభజన రద్దయినందుకు రాజుకి కృతజ్ఞతలు చెప్పాలని వాళ్లు అనుకోవడంలో వింత లేదు.

డిసెంబరు 27న సభ ఠాగూర్ పాటతో మొదలైంది. ఆ తర్వాత రాజదంపతులకి స్వాగతం చెబుతూ తీర్మానం చేశారు. దాని తర్వాత ఇంకో పాట పాడారు. అది హిందీ పాట, రాసింది వేరే ఆయన, అచ్చంగా చక్రవర్తిని పొగిడే పాటే. మర్నాడు కొన్ని ఇంగ్లీషు పత్రికలు ఈ రెండు పాటల్నీ కలగాపులగం చేసి, చక్రవర్తికి స్వాగతంగా ఠాగూర్ రాసిన పాట పాడారని వేసేశాయి. బెంగాలీ రాని విలేకరులకి రెండు దేశీ పాటల మధ్య తేడా ఏం తెలుస్తుంది! బెంగాలీవాళ్లు నడిపే పత్రికలు మాత్రం సరిగ్గానే రాశాయి. కానీ తప్పుడు వార్తకి ఉన్న కాళ్లు సవరణకి ఉండవు కదా.

ఇంకో సంగతి. ఆ రోజు రాజు కలకత్తాలోనే లేడు. నేపాల్ అడవుల్లో వేట ముగించుకుని డిసెంబరు 30న గానీ కలకత్తా చేరలేదు. ‘రాజుగారి ఎదుట పాడారు’ అనే మెసేజ్ వస్తే ఈ ఒక్క తేదీ చాలు.

దీని గురించి ఠాగూర్ స్వయంగా ఏమైనా అన్నారా?

అన్నారు, గట్టిగానే. 1937 నవంబరు 10న పులిన్ బిహారీ సేన్‌కి రాసిన ఉత్తరంలో మొత్తం చెప్పారు. ప్రభుత్వంలో పెద్ద పదవిలో ఉన్న ఒక మిత్రుడు చక్రవర్తి మీద పాట రాయమని అడిగాడట. ఆ కోరిక విని ఠాగూర్ నివ్వెరపోయారు, మనసు కలతపడింది. ఆ కలతలోంచే, దానికి ప్రతిగా, యుగయుగాలుగా భారతదేశపు రథం పగ్గాలు పట్టుకున్న భాగ్యవిధాతకి జయం పలుకుతూ ఈ పాట రాశారట. ఆ సారథి ఐదో జార్జో, ఆరో జార్జో, ఇంకే జార్జో కావడం కుదరదని, ఆ సంగతి అడిగిన మిత్రుడికి కూడా అర్థమైందని రాశారు.

కాబట్టి పుకారులో ఒక ముక్క నిజమే, పాట అడిగారు. అడిగింది ఒకటి, ఆయన రాసింది ఇంకొకటి.

1939లో మళ్లీ ఎవరో ఇదే అడిగితే, తనని అంత తెలివితక్కువవాడిగా లెక్కేసేవాళ్లకి జవాబివ్వడమే తనకి అవమానమని విసుక్కున్నారు.

మరి ‘అధినాయక’, ‘రాజేశ్వర’ అనే మాటలో?

ఈ ప్రశ్న న్యాయమైనదే. చివరి చరణంలో ‘జయ రాజేశ్వర’ అని నిజంగానే ఉంది. కానీ దేవుణ్ణి రాజని పిలవడం మన భక్తి సాహిత్యానికి కొత్తా? రామదాసు నుంచి త్యాగయ్య దాకా అందరూ కొలువులో కూర్చున్న రాజుగానే రాముణ్ణి పాడుకున్నారు. వేములవాడలో శివుడి పేరే రాజరాజేశ్వరుడు.

అనుమానం ఇంకా ఉంటే నాలుగో చరణం చూడండి. అధినాయకుడే అక్కడ తల్లవుతాడు, ఒళ్లో పెట్టుకుని కాపాడతాడు. ఐదో జార్జిని ‘అమ్మా’ అని పిలిచే కవి ఎవరూ ఉండరు. పైగా పరాయి పాలనలో ఉన్న దేశాన్ని ‘పీడిత, మూర్ఛిత’ అంటూ ఆ పాలకుడికే పాట అంకితం ఇస్తారా?

బాణీ మదనపల్లెలో కట్టారని చదివాం. నిజమేనా?

రాయలసీమవాళ్లకి ఇష్టమైన ప్రశ్న. జవాబు సగం అవును, సగం కాదు.

పాటని 1911లోనే సభలో పాడారు. అంటే బాణీ అప్పటికే ఉంది, అది ఠాగూర్‌దే. బిలావల్ ఛాయలున్న రాగం అంటారు. మన లెక్కలో శంకరాభరణం స్వరాలకి దగ్గర. మరి మదనపల్లెలో జరిగిందేమిటి?

1919 మొదట్లో ఠాగూర్ దక్షిణాది అంతా తిరుగుతూ, అలసిపోయి కొన్నాళ్లు మదనపల్లెలో ఆగారు. అప్పట్లో అది మద్రాస్ ప్రెసిడెన్సీ, చిత్తూరు జిల్లా. అక్కడి బిసెంట్ థియోసాఫికల్ కాలేజీ ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్. ఐర్లండ్ కవి, ఠాగూర్‌కి స్నేహితుడు. భార్య మార్గరెట్ కజిన్స్ సంగీతంలో డిగ్రీ చదివిన మనిషి, మన దేశంలో మహిళా ఉద్యమానికి తొలినాటి నాయకుల్లో ఒకరు.

ఆ కాలేజీలో వారానికొకసారి రాత్రిపూట పిల్లలూ పంతుళ్లూ కూర్చుని పాటలు పాడుకునే అలవాటుంది. ఒక రాత్రి ఠాగూర్ కూడా వచ్చి కూర్చుని, తనదొక పాట పాడతానన్నారు. జేమ్స్ కజిన్స్ ఆ రాత్రి గురించి తర్వాత రాసుకున్నారు. అంత పెద్ద విగ్రహానికి అంత పల్చని గొంతేమిటా అని ఆశ్చర్యపోయారట. మొదటి చరణం వింటే దేశాలు, కొండలు, నదులు వరసపెట్టి చదివే భూగోళ పాఠంలా అనిపించిందట. రెండో చరణంలో మతాల జాబితా. కానీ మొదటి పల్లవికి చెవులు నిక్కబొడుచుకున్నాయి, రెండోదానికి గొంతులు సవరించుకున్నారు. మళ్లీ పాడమని, మళ్లీ మళ్లీ పాడమని అడిగి, కాసేపటికి అందరూ కలిసి ‘జయ హే’ అని ఎలుగెత్తేశారు. ఆ పాట విన్నవాళ్లకి బెంగాలీ రాదు. పాటలో వాళ్లకి మొదట అందింది ఆ ‘జయ హే’నే.

ఆ రోజుల్లోనే ఠాగూర్ పాటని ఇంగ్లీషులోకి మార్చారు. ‘ద మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా’ అని పేరు పెట్టి, స్వదస్తూరీతో రాసి, కింద మదనపల్లె, 1919 ఫిబ్రవరి 28 అని వేసి సంతకం చేశారు. మార్గరెట్ కజిన్స్ బాణీని పాశ్చాత్య పద్ధతిలో స్వరాలుగా రాసిపెట్టారు. కాలేజీ దాన్ని తమ ప్రార్థనగీతం చేసుకుంది. కాబట్టి మదనపల్లెలో పాటకి ఇంగ్లీషు అనువాదం వచ్చింది, స్వరలిపి వచ్చింది, బెంగాల్ బయట ఒక ఊరు వచ్చింది. పాటగానీ బాణీగానీ అక్కడ పుట్టలేదు. ఆ ఊరికి దక్కిన గౌరవం ఇలా చెప్పినా ఏం తగ్గదు.

ఆ సంతకం పెట్టిన నెలన్నరకి, ఏప్రిల్ 13న, జలియన్‌వాలాబాగ్ జరిగింది. మే నెలాఖర్లో ఠాగూర్ బ్రిటిష్ వాళ్లిచ్చిన ‘సర్’ బిరుదు వదులుకున్నారు. రాజుగారి భజన పాట అనేవాళ్లకి ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చూపించండి.

పాట బెంగాలీ కదా, మనకి ఇంత తేలిగ్గా ఎలా అర్థమవుతుంది?

సంస్కృత పదాలు దట్టంగా నింపిన గ్రాంథిక బెంగాలీ అది. క్రియాపదాలు తీసేస్తే మిగిలేదంతా మన తత్సమాలే. ‘జాగే’ అంటే మేలుకుంటాయి, ‘మాగే’ అంటే అడుగుతాయి, ‘గాహే’ అంటే పాడతాయి. ఈ మూడూ తెలిస్తే చాలు. బెంగాలీవాళ్లు పలికితే మాత్రం ‘జొనో గొనో మొనో’ అని వినిపిస్తుంది.

తెలుగు పిల్లలకి ఇందులో ఒక చిక్కుంది. ‘మన’ అనగానే మనది అనుకుంటాం. నేను ఆరో తరగతి దాకా ‘జనగణ మన’ అంటే మన జనం, మన గణం అనే అనుకున్నాను. అసలు అర్థం మనస్సు. జనసమూహాల మనస్సులకి అధినాయకుడు అని. తప్పుగా అర్థం చేసుకున్నా బాగానే కుదిరింది, మాస్టారు కూడా ఎప్పుడూ దిద్దలేదు.

పాటలో ఆంధ్ర, తెలంగాణ ఎందుకు లేవు?

‘ద్రావిడ’ అన్న ఒక్క మాటలో దక్షిణాది అంతా ఇమిడిపోయింది. కర్ణాటక, కేరళ పేర్లూ లేవు, అస్సాం కూడా లేదు. అది పరిపాలనా విభాగాల జాబితా కాదు. 1911లో తెలుగువాళ్లు కొంత మద్రాస్ ప్రెసిడెన్సీలో, కొంత నిజాం రాజ్యంలో ఉన్నారు. ఉత్కళానికి కూడా అప్పటికి సొంత రాష్ట్రం లేదు, అయినా పాటలో ఉంది. పాటకి కావలసింది పాత పేర్లు, నోట్లో పలికితే బాగుండే పేర్లు.

సింధు ప్రాంతం పాకిస్తాన్‌కి పోయింది కదా, ఆ మాట తీసేయాలి కదా?

2005లో ఒకాయన సరిగ్గా ఇదే అడుగుతూ సుప్రీంకోర్టుకి వెళ్లాడు. కోర్టు కొట్టేసింది. గీతం భూభాగాల పట్టిక కాదని, సింధు అంటే ఆ సంస్కృతి, ఆ ప్రజలు కూడా అని చెప్పింది. సింధీలు ఈ దేశంలో లక్షల్లో ఉన్నారు. తీసేయమనడం వాళ్లని పొమ్మన్నట్టే ఉంటుంది.

జాతీయ గీతంగా మొట్టమొదట ఎక్కడ మోగింది?

మన దేశంలో కాదు, జర్మనీలో! 1942 సెప్టెంబరు 11న హాంబర్గ్‌లో జర్మన్-ఇండియన్ సొసైటీ ప్రారంభ సభలో వాద్యబృందం దీన్ని భారత జాతీయ గీతంగా వాయించింది. వెనక ఉన్నది సుభాష్ చంద్రబోస్. ఆ తర్వాత ఆగ్నేయాసియాలో ఆజాద్ హింద్ ప్రభుత్వం ఏర్పడినప్పుడు, అందరికీ తెలిసే హిందుస్తానీలో ఇదే బాణీకి దగ్గరగా ‘శుభ్ సుఖ్ చైన్’ అని రాయించారు. రాసినవాళ్లలో ఒకరు అబిద్ హసన్, మన హైదరాబాదువాడు. ‘జై హింద్’ నినాదం ఇచ్చిందీ, జర్మనీ నుంచి బోస్‌తో పాటు సబ్‌మెరైన్‌లో ప్రయాణించిందీ ఆయనే. మదనపల్లె గురించి చెప్పుకున్నంత గర్వంగా మనం ఈయన గురించి ఎందుకు చెప్పుకోమో నాకు అర్థం కాదు. సంగీతం కూర్చింది కెప్టెన్ రాంసింగ్ ఠాకురి.

వందేమాతరం ముందునుంచీ ఉంది కదా, అది ఎందుకు కాలేదు?

ఉద్యమకాలంలో జనం నోట నానింది వందేమాతరమే, సందేహం లేదు. బంకించంద్రుడి ఆ పాటని 1896 కాంగ్రెస్ సభలో పాడింది కూడా ఠాగూరే. తర్వాతి చరణాల్లో దేశమాతని దుర్గగా కొలవడం మీద ముస్లిం నాయకులు అభ్యంతరం చెప్పారు. అందుకే 1937లో కాంగ్రెస్ కార్యవర్గం సభల్లో మొదటి రెండు చరణాలే పాడాలని నిర్ణయించింది.

స్వాతంత్ర్యం వచ్చాక ఇంకో సమస్య వచ్చింది, బ్యాండు. 1947లో ఐక్యరాజ్యసమితి సభలకి న్యూయార్క్ వెళ్లిన మన బృందాన్ని, మీ జాతీయ గీతం ఇవ్వండి, వాయిస్తాం అని అడిగారు. వాళ్ల దగ్గరున్నది జనగణమన రికార్డు. అక్కడి వాద్యబృందం సాధన చేసి వాయిస్తే విదేశీ ప్రతినిధులకి తెగ నచ్చిందని 1948 ఆగస్టు 25న నెహ్రూ చట్టసభలో చెప్పారు. గవర్నర్లందర్నీ అడిగితే ఒక్కరు తప్ప అందరూ దీనికే సరే అన్నారు. వాద్యాలకి ఈ బాణీ అమరినట్టు వందేమాతరం అమరదన్నది నెహ్రూ వాదన. ఆ వాదనతో ఏకీభవించనివాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

దీని మీద ఓటింగ్ జరిగిందా?

లేదు. 1950 జనవరి 24న రాజ్యాంగ సభ అధ్యక్షుడు రాజేంద్రప్రసాద్ ఒక ప్రకటన చదివారు, అంతే. జనగణమన జాతీయ గీతం, వందేమాతరానికి దానితో సమాన గౌరవం. సభ చప్పట్లు కొట్టింది. సభ్యులు రాజ్యాంగం ప్రతుల మీద సంతకాలు చేసిందీ, రాజేంద్రప్రసాద్‌ని మొదటి రాష్ట్రపతిగా ప్రకటించిందీ ఆ రోజే. ఠాగూర్ ఇదేదీ చూడలేదు. 1941 ఆగస్టు 7నే పోయారు.

52 సెకన్లలోనే పాడాలా?

సుమారుగా 52 సెకన్లని ప్రభుత్వ నియమావళి చెప్తుంది. మొదటి, చివరి పంక్తులతో 20 సెకన్ల పొట్టి రూపం కూడా ఉంది. స్టాప్‌వాచ్ పట్టుకుని టెన్షన్ పడాల్సిన పనేం లేదు. 52 అనేది బ్యాండుకి ఉపయోగపడే లెక్క. మనకి అలవాటైన వాద్య రూపాన్ని ఆర్కెస్ట్రాకి అమర్చింది హెర్బర్ట్ మరిల్ అనే ఇంగ్లీషాయన. ఠాగూర్ సంప్రదాయంలో ఐదు చరణాలూ పాడేవాళ్లు ఇంకా నింపాదిగా పాడతారు, ఒకసారి వినండి.

యునెస్కో అవార్డు?

అబద్ధం. యునెస్కో జాతీయ గీతాలకి పోటీలు పెట్టదు.

మూడు దేశాల జాతీయ గీతాలు ఠాగూర్ రాశారా?

రెండు. మనది, బంగ్లాదేశ్‌ది. బంగ్లాదేశ్ గీతం ‘ఆమార్ సోనార్ బాంగ్లా’ 1905లో బెంగాల్ విభజనకి వ్యతిరేకంగా రాసిన పాట. శ్రీలంక గీతం ఆనంద సమరకోన్‌ది. ఆయన శాంతినికేతన్‌లో చదువుకున్నాడు, అందుకే అది కూడా ఠాగూర్ ఖాతాలో పడిపోతుంటుంది.

పాడకపోతే నేరమా?

గౌరవంగా నిలబడితే చాలు, నోరు విప్పి పాడి తీరాలని చట్టం లేదు. మతవిశ్వాసం వల్ల పాడని ముగ్గురు కేరళ పిల్లల్ని బడి నుంచి పంపేస్తే, 1986లో సుప్రీంకోర్టు ఆ పిల్లల పక్షానే తీర్పిచ్చింది. వాళ్లు రోజూ అసెంబ్లీలో లేచి నిలబడేవాళ్లే. పాడేవాళ్లని అడ్డుకోవడం, పాడుతున్న సభని చెడగొట్టడం మాత్రం 1971 చట్టం ప్రకారం నేరం, మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. సినిమా హాళ్లలో తప్పనిసరి అన్న 2016 నాటి ఉత్తర్వుని 2018 జనవరిలో కోర్టే సడలించింది. ఇష్టమైతే వేసుకోవచ్చు, వేస్తే నిలబడాలి.

‘గాహే’నా ‘గాయే’నా? ‘ఆశిష’నా ‘ఆశీస్సు’నా?

‘గాహే తవ జయగాథా’, ‘తవ శుభ ఆశిష మాగే’. హిందీ అలవాటు కొద్దీ చాలామంది ‘గాయే’ అనేస్తారు. ఇంకొకటి: ‘ఉచ్ఛల జలధి తరంగ’లో ‘ఉజ్వల’ లేదు. అలలు ఎగసిపడుతున్నాయి, మెరవడం లేదు. బడి గోడ మీద పాట రాయించే పని మీ మీద పడితే పెయింటర్‌కి ఆ పంక్తి కాగితం మీద రాసి ఇవ్వండి. నోటితో చెప్తే ‘ఉజ్వల’ అనే రాస్తాడు.